గోడ అవతలి గిటార్

సిరోంచ ఊళ్లె పెండ్లంటే ఆడోళ్ల దిక్కు రషీదా గొంతు ఉండాల్సిందే. ఢోలక్ ముంగట పెట్టుకొని కూసుందంటే ఉర్దూ పాటలు, తెలుగు పాటలు ఒకదాని ఎనుక ఒకటి వచ్చేటియి. ఎవ్వరు నేర్పింది లేదు. ఒక్కసారి వింటే పాట ఆమె నోట్ల నిలిచిపోయేది. పెనిమిటి కరీమ్‌కు బస్టాండు కాడ సైకిళ్ల దుకాణం. ఇంట్ల వాళ్లిద్దరు, అత్త అఖ్తర్ బీ. వంటింటిని ఆనుకొని ఉన్న గదిని కిరాయికిచ్చేటోళ్లు.

ఎనభై నాలుగుల ఆ గదిలకు భీము వచ్చిండు. పెర్మిలి ఊరి గోండోళ్లాయన, పెండ్లి కాలే. ఊరూరు తిరిగి జ్వరమొచ్చినోళ్ల నెత్తురు చుక్క మలేరియా పరీక్షకు గాజుపలక మీద తీసుకునే సర్కారు నౌకరి. హాస్టల్ల చదివినప్పుడు వార్డెన్ ఒకాయన గిటార్ పట్టుకునుడు నేర్పిండట. నౌకరి దొరకంగనే పాత గిటార్ ఒకటి కొనుక్కున్నడు. మాపటేళ గడప మీద కూసుండి వాయిస్తుంటే, రషీదా కూరగాయలు తరుగుకుంట వినేది.

ఒకనాడు అడిగింది: "భీమూ, ఎప్పుడు జూసినా గవే మూడు తీర్ల పట్టుకుంటవేంది?"

"నాకొచ్చినయి గా మూడు కార్డులే భాభీ. ఒక్కో కార్డుల మూడు స్వరాలు ఒక్కపారే మోగుతయి. సరిగమ సుత వాయిస్త. కానీ సరిగమకు, ఈ కార్డులకు సంబంధమేందో తెల్వది. ఏ పాటకైనా ఈ మూడే ఎట్ల సరిపోతున్నయో తెల్వది. వార్డెన్‌ను అడిగితే, పెట్టమన్న కాడ ఏలు పెట్టు, ఎందుకని అడగకు అన్నడు." గిటార్ పక్కకు పెట్టి నవ్విండు. "నీ చెవి మంచిది. నీకు దొరికితే నాకు జెప్పు."

ఆ యేడు వానలల్ల భీము ఇంటికి పోయిండు. వాగులొచ్చి తొవ్వలు బందైనయి. అందరి జ్వరాలు చూసినోనికి ఆ జ్వరమే నెత్తికెక్కింది. దవఖానకు మోసుకపోయే దారి లేక పెర్మిలిలనే పానం పోయింది. ఆ ముచ్చట సిరోంచకు చేరేసరికి మట్టి చేసి చాన దినాలైంది. ఆయన తల్లి వచ్చి సామాను తీస్కపోతదని కరీమ్ గదికి తాళమేసిండు. మంచం, బట్టలు, వంటింటి గోడకు అటు దిక్కు మేకుకు ఏలాడే గిటార్, అన్నీ లోపలనే ఉండిపోయినయి.

ఒక మధ్యాహ్నం, ముసురు పట్టి ఉంది. రషీదా ఆ గోడకు ఒరిగి చింతపండు గింజలు తీసుకుంట లోగొంతుల 'స' అన్నది.

గోడ అవతల ఏందో పలికింది.

ఆమె ఆగింది. అవతలిది ఆగలే. సన్నగ సాగి సాగి, ఎవరో ఊపిరి ఇడిసినట్టు అణిగిపోయింది. రషీదా చింతపండు పక్కకు జరిపింది. గోడకు చెవి ఆనించి మల్ల అన్నది, 'స'. ఈసారి తేటగ తెలిసింది. ఆమె అన్నది ఒక్క 'స'నే. అవతల 'గ', 'ప' కూడ ఉన్నయి.

ముంగటి గదిల తస్బీ పూసలు తిప్పుకుంటున్న అఖ్తర్ బీ లేచి వచ్చింది. "బేటీ, లోపల ఎవరున్నరే?"

దుకాణం కాడికి మనిషిని తోలి కరీమ్‌ను పిలిపించి తాళం తీయించిన్రు. తడి వాసన. మంచం మీద బూజు. ఎవ్వరు లేరు. రషీదా గడపల నిలబడి 'స' అన్నది. ఎవ్వరి చెయ్యి తాకకుండనే తీగలు వణికినయి. వాటి మీది దుమ్ము సన్నగ లేచింది.

"గొంతుకు తీగ మోగుతది, అంతే. గిలాసలు మోగవా?" అన్నడు కరీమ్. తన మాట మీద తనకే నమ్మకం లేనట్టు, తనూ 'స' అని చూసిండు. తీగలు కదల్లే.

అఖ్తర్ బీ దువా చదివి ఊదింది. "సచ్చినోని వస్తువు. ముట్టకు" అన్నది.

కానీ రషీదా మనసు పట్టలే. మర్నాడు అత్త నమాజుల ఉండంగ 'ప' అన్నది. గోడ 'ప, ని, రి' అన్నది. 'మ' అంటే ఏందో దూరం నుంచి మూలిగినట్టయింది కానీ తెలియలే. ఆమె కూసుండి ఏళ్ల మీద లెక్కేసుకుంది. స పట్టి, రి ఇడిసి, గ పట్టి, మ ఇడిసి, ప. ఒకటి పట్టుడు, ఒకటి ఇడుసుడు. అట్లయితే 'మ'కు దొరికేది మ, ద, స.

కరీమ్ ఇంట్లనే ఇడిసిపోయిన చెవితోని తాళం తీసి లోపలికి పోయింది. మేకు మీది గిటార్ దించింది. భీము ఏళ్లు ఎక్కడ పెట్టేటోడో కండ్లల్ల ఉంది. అట్లనే పెట్టి ఒక్కో తీగ మీటి చూసింది. అవే స్వరాలు! ఆ మూడు కార్డులు కలిపితే ఏడు స్వరాలూ వచ్చినయి, ఒక్కటీ మిగల్లే. అందుకే ఆ మూడు ప్రతి పాటకు సరిపోతున్నయి. రషీదా కండ్లల్ల నీళ్లు తిరిగినయి. "దొరికింది భీమూ" అన్నది పైకే.

ఏలి కొసలు మంటపుట్టినా ఆపలే. 'రి' నుంచి పడితే ఏడుపు తీరు వచ్చింది. కడకు 'ని, రి, మ' పట్టింది. అది కుదురులేనిది. తలుపు సగం తెరిచి ఆగినట్టుంది. అది 'స' కాడికి పోవాలె అని తెలుస్తనే ఉంది, కానీ చెయ్యి ఆడలే.

అప్పుడు గోడకు అవతలి దిక్కు నుంచి, ఆమె వంటింట్ల నుంచి, ఒక మొగ గొంతు మెల్లగ 'స' అన్నది.

ఆమె ఒళ్లె గిటార్ దానికదే మోగింది. కరీమ్ దుకాణంల ఉన్నడు. అఖ్తర్ బీ వాకిట్ల నిలబడి, చేతుల తస్బీ జారిపోయి, వంటింటి దిక్కే చూస్తున్నది. ఇద్దరు కలిసి పోయి చూసిన్రు. పొయ్యి చల్లగ ఉంది. ఎవ్వరు లేరు.

వానలు తగ్గినంక భీము తల్లి సోనుబాయి బస్సుల వచ్చింది. తెలుగు కొంచెమే వచ్చు. కొడుకు అంగీలు మూటగట్టుకొని, రషీదాకు గిటార్ పట్టుడు వచ్చిందని తెలిసి, "వాయించు బిడ్డా" అని కూసున్నది. రషీదా మూడు కార్డులు పట్టి పాడింది. ముసలామె కండ్లు మూసుకొని తల ఊపింది. పాట అయినంక అడిగింది: "వాని గొంతు మంచిగ కలుస్తున్నది గదా?"

ఆ పూట రషీదాకు ఏం వినపడలే. వినపడలేదని చెప్పబుద్ధి కాలే. "కలుస్తున్నదమ్మా" అన్నది.

సోనుబాయి గిటార్‌ను ముట్టలే. "మా ఇంట్ల ఇది మూగగ పడి ఉంటది. ఈడనే ఉండనీ" అని బస్సెక్కింది.

తర్వాతి సంవత్సరాలల్ల రషీదా ఢోలక్ పక్కకు పెట్టి గిటార్‌తోని పెండ్లిళ్లకు పోయింది. అహేరి, ముల్చేర దాక పిలిచిన్రు. మొదట పెద్దోళ్లు గొణిగిన్రు, తర్వాత వాళ్లే పేరు పెట్టి పిలిపించుకున్నరు. గదికి మల్ల కిరాయిదార్లు వస్తే అఖ్తర్ బీనే వద్దన్నది. పక్కింటి పిల్ల ఫహ్మిదాకు రషీదా అదే గదిల నేర్పేది, "ఒకటి పట్టు, ఒకటి ఇడువు" అనుకుంట.

"ఈడ ఒక్కదానివే కూసుంటవు గదా ఆపా, భయం కాదా?" అని ఫహ్మిదా అడిగింది ఒకనాడు.

"అయితది" అన్నది రషీదా, తీగ బిగించుకుంట. "రోజూ అయితది. నువ్వు ఏలు జర పైకి జరుపు."