మేనమామ పోలిక

మా బావ విగ్రహానికి ఉన్న ముక్కు నాది. చెంపలు, దవడ కూడా నావే. మీసం మాత్రం ఎవరిదో నాకు తెలియదు. మెదక్ దగ్గర, మా మేనత్త వాళ్ల చిన్న టౌనులో, బస్టాండు ముందు తుపాకీ పట్టుకుని నిలబడి ఉంటాడు. నాకు నలభై దాటి కళ్లజోడు వచ్చింది. తను ఇంకా ఇరవై మూడేళ్లవాడే. ఆ దారిన బస్సులో వెళ్తే కిటికీ పక్క సీటు కోసం ఇప్పటికీ పోట్లాడతాను.

మా ఇల్లు శాలిబండలో. బావ సైన్యం నుంచి లీవులో వస్తే రైలు దిగి తిన్నగా వాళ్ల ఊరి బస్సు ఎక్కాలి కదా, ఎక్కడు. ట్రంకుపెట్టె మోసుకుంటూ నయాపూల్ దాటి ముందు మా ఇంటికే వచ్చేవాడు. మేనమామను చూడాలట. మా బాపు ఆఫీసులో ఉండే వేళల్లోనే ఆ ప్రేమ పొంగుకొచ్చేది. కొండల్లోంచి తెచ్చిన అక్రోట్లను మా తలుపు సందులో పెట్టి పగలగొట్టి, పప్పు ఏరి నా చేతిలో పోసేవాడు. తలుపు పాడైపోతోందని నానమ్మ అరుస్తూనే ఉండేది. అత్త నన్ను పుట్టినప్పటి నుంచీ ‘కోడలా’ అనే పిలిచింది. అంతకు మించి ఎవరూ ఏదీ ఖాయం చేయలేదు. చేయాల్సిన అవసరం ఉందని ఎవరికీ తోచలేదు, నాకూ తోచలేదు.

తర్వాత యుద్ధం వచ్చింది. బావ ఒక కొండ మీద చనిపోయాడు. ఆ కొండ పేరు టీవీలో చూసి అందరూ నేర్చుకున్నారు. నేను మాత్రం ఇప్పటికీ పలకను. శవపెట్టె వచ్చిన రోజు ఆ ఊరి ఆడవాళ్లంతా అత్తను చుట్టుకుని పట్టుకున్నారు. నాకు మంచినీళ్లు అందించే పని పడింది. పెళ్లాన్ని కాను, తోడబుట్టినదాన్ని కాను, ఏమవుతానని గుండెలు బాదుకోవాలి? పెరట్లో గ్లాసులు కడుగుతూ ఏడ్చాను. ఆ రోజు నుంచి అత్త నన్ను ‘బిడ్డా’ అనడం మొదలుపెట్టింది. రేపు వేరే ఇంటికి పోవాల్సిన పిల్లను ఇంకా కోడలా అని పిలవకూడదనుకుని ఉంటుంది. ప్రేమతోనే అనేది. విన్న ప్రతిసారీ ఏదో పని ఉన్నట్టు లేచి వెళ్లిపోయేదాన్ని.

ఏడాది తిరగకముందే ఊరివాళ్లు విగ్రహం పెడదామన్నారు. చేసేది మా దగ్గరే, ధూల్‌పేటలో. అత్త మా ఇంట్లో దిగింది, నేను తోడు వెళ్లాను. విగ్రహాలు చేసే మేస్త్రీ షెడ్డులో సైనికుడి ఒళ్లు, బూట్లు, తుపాకీ ముందే అచ్చుపోసి ఉన్నాయి. తల ఒక్కటే కొత్తగా చేయాలి. అత్త దగ్గరున్నది ఒకే ఒక్క పాస్‌పోర్టు ఫోటో. ముఖం ముందు నుంచి సరే, పక్క నుంచి ఎట్లుంటదో నాకెట్ల తెలియాలని మేస్త్రీ అడిగాడు. అత్త కాసేపు నన్నే చూసింది.

“వాడు అచ్చం మ్యానమామ పోలిక. ఇది తండ్రి పోలిక. దీని మొఖం జూసి చెయ్యన్నా,” అంది.

మా బాపును కూర్చోబెట్టొచ్చు గానీ, ఆయనకు అప్పటికే దవడలు జారిపోయాయి. అందుకని మధ్యాహ్నాలు నేనే ఒక స్టూలు మీద, గోడవైపు ముఖం పెట్టి కూర్చున్నాను. మేస్త్రీ నన్ను చూసేవాడు, మట్టిని నొక్కేవాడు. మీసం దగ్గర నాకు కోపం వచ్చింది. బావకు ఉన్నది కాస్త నూగు, పెన్సిల్‌తో దిద్దుకొమ్మని ఎన్నిసార్లు ఏడిపించానో. ఫౌజీకి మీసం లేకుంటే ఊరివాళ్లు ఒప్పుకోరని మేస్త్రీ అన్నాడు. అత్త కూడా పోనీ అనేసింది. నా మాట ఎవరడిగారని?

కానీ ఒకరోజు తల తిప్పి చూసేసరికి ఆ మట్టిలో బావ ఉన్నాడు. అక్రోటు పప్పు ఏరేటప్పుడు వంగే ముఖం. మీసం ఇంకా పెట్టలేదు. మేస్త్రీ చేతులు కడుక్కోవడానికి బయటికి వెళ్లాడు, అత్త గోడకు ఆనుకుని కునుకు తీస్తోంది. లేచి వెళ్లి ఆ చెంప మీద అరచెయ్యి పెట్టాను. బతికుండగా ఒక్కసారి కూడా ముట్టుకోలేదు. చల్లగా, తడిగా ఉంది. మేస్త్రీ తిరిగొచ్చి నా వేళ్ల అచ్చులు చూశాడు. తడిగుడ్డతో చదును చేశాడు.

విగ్రహం ఆవిష్కరించిన రోజు అత్తను, మామయ్యను వేదిక మీద కూర్చోబెట్టారు. నేను కింద ఆడవాళ్ల మధ్య నిలబడ్డాను. తెర తీశారు, చప్పట్లు కొట్టారు. నా పక్కనున్న పెద్దామె విగ్రహాన్ని చూసి, నన్ను చూసి, మళ్లీ విగ్రహాన్ని చూసింది.

“గదే ముక్కు, గదే మొఖం. చెల్లెవా బిడ్డా?” అంది.

అవునంటే సరిపోయేది, ఆమె అటు తిరిగేది. కానీ బావకు నన్ను చెల్లెల్ని చేయడానికేనా అన్ని మధ్యాహ్నాలు ఆ స్టూలు మీద కూర్చున్నాననిపించింది.

“కాదు. మరదల్ని,” అన్నాను.

ఆమె చేతిలో సంచి కింద పెట్టి, రెండు చేతులతో నన్ను దగ్గరికి లాక్కుంది. బావ పోయాక నన్ను ఒకరు అలా పట్టుకోవడం అదే మొదలు. వేదిక మీద అత్త చూస్తుండగానే, అంతమంది మధ్యలో గొంతెత్తి ఏడ్చాను.