కాడి కట్టి చూసిన టైపు మిషను

ఆ ఉత్తరంలో ఆఖరి వాక్యం తప్ప అంతా నాకు నచ్చింది. గుమాస్తా-టైపిస్టు ఉద్యోగానికి పరీక్ష వరంగల్‌లో. ఇంకా పన్నెండు రోజుల గడువు ఉంది. చివర్లో ఒక ముక్క: అభ్యర్థులు తమ టైపు మిషను తామే తెచ్చుకోవాలి. ఇప్పటి పిల్లలకు చెబితే నమ్మరు గానీ, ఆ రోజుల్లో పద్ధతి అదే. కలం పట్టుకుపోయినట్టు మిషను పట్టుకుపోవాలి.

నేను టైపు నేర్చుకున్నది మానుకోటలో. కాగితాల మీద మహబూబాబాద్ అని రాసినా మా నోటికి అది మానుకోటే. దంతాలపల్లి పక్కనున్న మా ఊరి నుంచి రోజూ బస్సులో వెళ్లి వచ్చేదాన్ని. అరవై తొమ్మిదిలో మా ఉద్యోగాలు మాకే కావాలని జరిగిన ఉద్యమంలో బడులు మూతపడి, నా చదువులో ఒక ఏడాది గాలికి పోయింది. అది జరిగి అప్పటికి నాలుగైదేళ్లు. ఆ పోయిన ఏడాదికి బదులు ఒక ఉద్యోగం రాబట్టి తీరాలని నాకు పంతం. నేర్చుకున్న చోట ఆరే మిషన్లున్నాయి, ఉత్తరాలేమో తొమ్మిది మందికి వచ్చాయి. ముందు చేరినవాళ్లు ఆరూ పంచుకున్నారు. ఇంటికొచ్చి సంచి విసిరికొట్టి, మిషను లేకపోతే ఉద్యోగం లేనట్టేనని బాపుతో చెప్పాను.

బాపు వ్యవసాయదారుడు. ఆయన చదువు సంతకం వరకే. ఆ ఏడు మిర్చి కలిసొచ్చింది. మీసం దువ్వుకుంటూ, "కొందాం తియ్. ఎడ్లను గొన్నోనికి మిషను గొనుడొక లెక్కనా?" అన్నాడు. ఎడ్లతో పోలిక పెట్టినందుకు నాకు చిర్రెత్తుకొచ్చింది. కానీ కొంటానన్నాడు కదా! ఆ సంబరంలో అన్నం తినడం కూడా మరిచిపోయాను.

మొదట మానుకోటలోనే చూశాం. కుట్టు మిషన్లు, టైపు మిషన్లు బాగుచేసే చాచా దుకాణంలో అమ్మకానికొకటి ఉంది. పాడైన మూడు మిషన్ల నుంచి పనికొచ్చే ముక్కలు తీసి ఆయన ఒక్కటిగా బిగించాడు. ధర బాపు లెక్కలో వట్టిపోయిన బర్రెంత. చవకే, పైగా ఏం చెడినా బాగుచేసేవాడు పక్కనే ఉన్నాడు. బాపు మాత్రం కిందికి వంగి, కొనబోయే ఎద్దు నోరు తెరిచి పళ్లు చూసినట్టు, అక్షరాలున్న ఇనుప కడ్డీలను వేలితో ఒక్కొక్కటే లేపి చూశాడు.

"పండ్లు అరిగినయ్ గద సాయిబూ," అన్నాడు.

చాచా పగలబడి నవ్వాడు. "సచ్ బాత్ పటేల్ సాబ్! ఉన్నమాట చెప్త. ఉత్తరాలు రాసుకునేటందుకు బేఫికర్ తీస్కపో. పరీక్షకు మాత్రం వద్దు. ఒక అక్షరం పైకి పోతది, ఒకటి కిందికి పోతది. బిడ్డ నసీబ్ ఖరాబ్ జెయ్యకు."

అమ్ముకునేవాడే వద్దన్నాక ఇంకేం కొంటాం? రెండోది జనగామలో ఉందని కూడా ఆయనే చెప్పాడు.

జనగామలో ఒక రిటైరైన ఆఫీసరు గారి ఇంట్లో చూశాను దాన్ని. చిన్న పెట్టె. మూత తీస్తే లోపల లేత నీలం రంగు మిషను. ఒంటి చేత్తో లేపాను, లేచింది! మీటలు ఎంత మెత్తగా ఉన్నాయంటే వేలు ఆనిస్తే చాలు, అక్షరం పడుతుంది. దాన్ని పట్టుకుని వరంగల్ స్టేషన్లో దిగుతున్నట్టు అప్పుడే ఊహించుకున్నాను. ధర పాలిచ్చే బర్రెంత. నా కళ్లల్లోని ఆశ చూసి ఆఫీసరు గారు బేరం తగ్గించనని కచ్చితంగా చెప్పేశారు.

బాపు తొందరపడలేదు. "కాడి కట్టి నడిపియ్యకుంట ఎద్దును గొంటమా? పరీక్షల ఎంతసేపు కొట్టాలె బిడ్డా?"

"పది నిమిషాలు."

"పది నిమిషాలు ఆపకుంట కొట్టు మరి."

ఆఫీసరు గారి ముందు సిగ్గుతో చచ్చిపోయాను. అయినా పేపరు ముందు పెట్టుకుని మొదలుపెట్టాను. బాపు బల్ల పక్కన గొంతుక్కూర్చుని, కళ్లు మిషను అడుగున పెట్టి చూస్తున్నాడు. నేను వేగం అందుకున్నాను. నాలుగు నిమిషాలు కాకముందే ఒక్క కేక పెట్టాడు.

"ఆగు బిడ్డా! గిది నడుస్తున్నది!"

నిజమే. మిషను జానెడు దూరం జరిగి బల్ల అంచుకు వచ్చింది. వరుస అయిపోయినప్పుడల్లా పై భాగాన్ని కుడివైపుకు తోస్తాం కదా, ఆ తోపుకు తేలికపాటి మిషను మొత్తం కదులుతోంది. అడుగున తడిగుడ్డ వేసుకుంటే సరిపోతుందన్నారు ఆఫీసరు గారు. నేనూ అదే అన్నాను. "తొవ్వల ఆగని దానికి పగ్గమేసుకుంట కూసుంటవా, టైపు కొడ్తవా?" అని బాపు లేచిపోయాడు. తిరిగొచ్చే బస్సులో నేను ఆయనకు దూరంగా వేరే సీట్లో కూర్చున్నాను. ఆ నీలం రంగు మీద నాకంత మనసు పడింది.

మూడోది ములుగు దాటాక ఘనపూర్‌లో, ఒక కలప డిపోలో దొరికింది. నల్లటి పెద్ద ఆఫీసు మిషను. మీటల సందుల్లో రంపపు పొట్టు. ధర దుక్కికొచ్చిన కోడెల జతంత! అక్కడా పది నిమిషాలు కొట్టించాడు బాపు. అది వెంట్రుకవాసి కదలలేదు. అక్షరాలు అచ్చు గుద్దినట్టు తిన్నగా పడ్డాయి. వరుస చివరికి రాగానే గంట ఖంగున మోగింది. కానీ మీటలు గట్టివి, చిటికెన వేళ్లు లాగేస్తున్నాయి. లేపి చూద్దామంటే ఒక పక్క మాత్రమే లేచింది. జనగామ దానికి ఇది ఎలా సాటి అని గునుస్తూ, వద్దనడానికి ఈ బరువొక్కటి చాలదా అన్నాను.

"మోసేది నేను, కొట్టేది నువ్వు," అన్నాడు బాపు. "బరువును నీ లెక్కల ఎందుకు గలుపుతున్నవ్?"

నేను మీటల సందుల్లోని పొట్టు ఊదడం మొదలుపెట్టాను. బాపు, డిపో ఆసామి తువ్వాల కింద చేతులు పెట్టి, అంగట్లో పశువులకు చేసినట్టే వేళ్లు పట్టి బేరమాడుకున్నారు. ఎంతకు తెగిందో నాకు ఈనాటికీ తెలియదు.

పరీక్ష రోజు వరంగల్ స్టేషన్లో దిగి, తువ్వాలను చుట్టగా చుట్టి నెత్తిన పెట్టుకుని, మిషను ఎత్తించుకున్నాడు బాపు. పరీక్ష పెట్టిన బడి ముందు చూడాలి ఆ తిరనాళ్లు! సైకిళ్ల మీద మిషన్లు, రిక్షాల్లో మిషన్లు, దుప్పట్లో మూటగట్టిన మిషన్లు. ఎవరిది చూసినా నాదే బాగుందనిపించి ఛాతీ ఉప్పొంగింది. నలభై మిషన్లు ఒక్కసారిగా మొదలయ్యేసరికి రేకుల మీద వడగండ్లు పడ్డట్టయింది. నా మిషను ఎక్కడా తడబడలేదు, నేనూ తడబడలేదు. ఆఖరి అక్షరం కొట్టి బయటికి పరుగెత్తుకొచ్చాను.

బాపు ఒక్కడే లేడు. పక్కన నా ఈడు పిల్ల కళ్లు తుడుచుకుంటూ నిలబడి ఉంది. మొగుళ్లపల్లి పిల్ల, మధ్యాహ్నం పరీక్ష రాయాలి. పెట్టెలో తెచ్చుకున్న తేలిక మిషను బస్సు కుదుపులకు దెబ్బతిని, అక్షరాలన్నీ ఒకచోటే పడుతున్నాయట.

"మన మిషను అడిగింది, ఇస్తనన్న," అన్నాడు బాపు.

ఆయనను పక్కకు లాగాను. "ఉన్నయే నాలుగు పోస్టులు బాపూ! ఆమెకొస్తె నాకు పోతది. నీకు మతి ఉన్నదా?" అని అరిచినంత పని చేశాను.

"పక్కోని నాగలి ఇరిగితె మన నాగలి ఇయ్యమా?" అన్నాడు నేల చూస్తూ.

ఇచ్చాను. కోపంగానే ఇచ్చాను. చిటికెన వేళ్ల మీటలు గట్టిగా నొక్కాలని కూడా చెప్పాను. మంచితనంతో కాదు, నా మిషనుకు చెడ్డపేరు రాకూడదని. తర్వాత కిటికీ దగ్గర నిలబడి విన్నాను. ఆమె కిటికీ పక్కనే కూర్చుంది. నా చేతి కింద కన్నా ఆమె చేతి కింద గంట తొందర తొందరగా మోగుతోంది. ఆమె నంబరు అడిగి మరీ గుర్తుపెట్టుకున్నాను.

నెల తర్వాత ఫలితాల కాగితం అంటించారు. జనాన్ని తోసుకుంటూ వెళ్లి చూశాను. నాలుగు నంబర్లు. మూడోది నాది! "బాపూ, వచ్చింది!" అని పిచ్చిదానిలా కేకేశాను. ఎగిరాను. చుట్టూ ఉన్నవాళ్లు తిరిగి చూసినా లెక్కచేయలేదు.

"గా పిల్లది?" అన్నాడు బాపు.

మళ్లీ చూశాను. రెండో నంబరు ఆమెది. "ఉన్నది. నాకంటే పైన," అన్నాను.

బాపు అక్కడే మెట్టు మీద కూలబడ్డాడు. తువ్వాలతో ముఖం అదిమి తుడుచుకున్నాడు. "నెల దినాలసంది బుక్కెడు బువ్వ లోపలికి దిగలే బిడ్డా," అన్నాడు. "చేజేతుల నీ నోట్ల మన్ను గొట్టిన్నేమో అని ఒక్కటే గుబులు."

నేను ఆయన పక్కనే కూర్చున్నాను. "గంత భయం ఉన్నోనివి మరి మిషను ఎందుకిచ్చినవ్ బాపూ?"

"ఏం జెయ్యాలె బిడ్డా," అన్నాడు. "అడిగింది గద."