సీసా మీద కాగితం

ఆ రోజుల్లో మందు తెచ్చుకోవాలంటే సీసా మనమే పట్టుకెళ్ళాలి. ప్రత్తిపాడు పక్కన మా ఊళ్ళో ఆసుపత్రి అంటే ఒక పెంకుటిల్లు, ఎప్పుడో వచ్చిపోయే డాక్టరు, రోజూ ఉండే కాంపౌండరు. కాంపౌండరు పెద్ద జాడీలో కలిపిన మందు మన సీసాలో పోసి, సీసాకు నిలువునా ఒక కాగితం ముక్క అంటించేవాడు. దాని అంచున కత్తెరతో గంట్లు కొట్టి ఉండేవి. ఒక్కో పూటకు ఒక్కో గంటు దాకా మందు దిగాలి. అక్షరం ముక్క రానివాళ్ళకు కూడా తెలిసిపోయే లెక్క. మంచి ఏర్పాటే, కాదనను.

అయితే ఆ ఏర్పాటు ఊళ్ళోవాళ్ళకు. మాది ఊరికి ఎడంగా ఉన్న పల్లె. మా తాతల నాడే ఏసుప్రభువును నమ్ముకున్నాం గానీ, ఊరి కంటికి మా అంటు మాత్రం పోలేదు. మేము సీసాను ఆసుపత్రి మెట్టు మీద పెట్టి, వెనక్కి జరిగి నిలబడాలి. కాంపౌండరు దానికి చెయ్యి తగలకుండా పైనుంచి ధారగా పోసేవాడు. కాగితం అంటించాలంటే సీసా పట్టుకోవాలి, తడిగుడ్డతో తుడవాలి. అందుకని మా సీసాలకు కాగితం ఉండేది కాదు. ఎంత తాగాలో నోటితో చెప్పేవాడు, అదీ లోపలికి నడిచిపోతూ. చెప్పేవాడికి వినేవాడు లోకువ. మందుకు లేని అంటు సీసాకు ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆ మహానుభావుడికే తెలియాలి.

మా అమ్మకు అరచెయ్యే కొలత. పెద్దవాళ్ళకు పుడిసెడు, నా ఈడు పిల్లలకు అందులో సగం, చంటివాళ్ళకు అరచేతి గుంట తడిసేంత. మొరటు కొలతే. కానీ ఆ చేత్తో ఎవరికీ కీడు జరగలేదు.

మిరపకోతల రోజుల్లో ఆ చెయ్యి పనికిరాదు. పొద్దస్తమానం పండు మిరపకాయలు కోసిన చేతులు మజ్జిగతో కడిగినా మంట వదలవు. మా తమ్ముడు అప్పుడు పాలు తాగే పిల్లాడు. వాడికి పాలిచ్చేటప్పుడు కూడా అమ్మ వాడి మూతికి వేళ్ళు తగలకుండా కొంగు చుట్టుకునేది. సరిగ్గా ఆ కోతల్లోనే వాడికి దగ్గు పట్టుకుంది. ఇంట్లో ఉన్న ఒక్క సీసా అంతకుముందే పగిలిపోయింది. అమ్మ ఎవరి చేలో కోతకు పోతుందో ఆ ఆసామి భార్యను అడిగితే, ఆమె దొడ్డిగుమ్మంలో ఒక పాత సీసా పెట్టింది. ఆసామి తన జ్వరానికి మందు తాగిన సీసా అది. కాగితం ఇంకా దాని మీదే ఉంది, గంట్లతో సహా. ఆమె మంచి మనసుతోనే ఇచ్చింది, ఆమెను నేనేమీ అనను.

ఆ కాగితం ఎక్కడ నాని ఊడిపోతుందోనని అమ్మ సీసా లోపల మాత్రమే కడిగింది.

"మన సీసాక్కూడా కాగితం వచ్చిందే అమ్మాయ్. ఇంక ఈ మంట చేతుల్తో కొలిచే బాధ లేదు," అంది. ఇన్నేళ్ళయినా నేను మరిచిపోలేనిది ఆమె సంతోషమే.

ఆసుపత్రికి నేనూ వెంట వెళ్ళాను. కాంపౌండరు దగ్గుమందు పోసి, "చంటాడికేగా, పొద్దునోసారి, రాత్రోసారి పట్టు," అన్నాడు.

అమ్మ సీసా ఎత్తి పట్టుకుని, "ఈ గంటు దాకానా అయ్యా?" అని అడిగింది.

అతను ఇటు తిరగనైనా తిరగలేదు. "కాగితం ఉందిగా, దాని ప్రకారం పొయ్యి," అన్నాడు.

అమ్మ దాని ప్రకారమే పోసింది. మందు గంటు దాకా దిగేట్టు ఉగ్గుగిన్నెలోకి వంచి వాడికి పట్టింది. దగ్గు తగ్గింది. చేనిగట్టున తుమ్మచెట్టుకు కట్టిన ఉయ్యాలలో వాడు కదలకుండా నిద్రపోతుంటే, మందు బాగా పనిచేసిందని కోతకొచ్చిన ఆడవాళ్ళంతా అనుకున్నారు. దగ్గుమందులో నిద్రకు ఏదో కలుస్తుందనీ, అది పసివాళ్ళకు మించితే ఊపిరే మందగిస్తుందనీ అక్కడ ఎవరికి తెలుసు? మర్నాడు సాయంత్రం పాలకు లేపితే లేవలేదు. మెడ వాలిపోయింది. అమ్మ వాడి మొహం పట్టుకోబోయి, తన చేతులు చూసుకుని ఆగిపోయింది. నేనే ఎత్తుకున్నాను. ఆసుపత్రి మెట్టు దాకా పరిగెత్తాం గానీ, అప్పటికే ప్రాణం లేదు.

కాంపౌండరు బయటికి వచ్చి సీసా చూశాడు. అప్పుడు కూడా చేత్తో ముట్టుకోలేదు, వేలితో చూపించాడు.

"ఇది పెద్దవాళ్ళ మోతాదు కాగితం గదే. చంటాడికి ఇంతింత పోస్తావా? మీ పల్లెవాళ్ళకు ఎంత చెప్పినా ఇంతే."

"గంటు దాకానే పోశానయ్యా. చుక్క ఎక్కువ పొయ్యలా," అంది అమ్మ. అదొక్కటే అంది, మళ్ళీ మళ్ళీ.

కొడుకు పోయింది చాలక, కొడుకును చంపుకున్నదనే మాట కూడా ఆమె మీదే పడింది. గోరుచుట్టు మీద రోకటిపోటు. ఊరు అంది, పల్లె అంది. మా నాన్న కూడా చాలాకాలం ఆమె మొహం చూసి మాట్లాడలేదు. చివరికి ఆమె కూడా అదే నమ్మింది. ఆ తరువాత ఇంట్లో ఎవరికి జబ్బు చేసినా అమ్మ మందు సీసా ముట్టుకునేది కాదు. నా చేతికిచ్చి బయటికి వెళ్ళిపోయేది.

నేను గుంటూరులో నర్సు చదువు చదివి, అక్కడే ఒక ఆసుపత్రి మందుల గదిలో పనికి చేరాను. అప్పటికి అరవైలు వచ్చాయి, సీసాలు మాత్రం ఇంకా జనమే తెచ్చుకునేవారు. నా గదిలోకి పాత కాగితం ఉన్న సీసా వస్తే ముందు వేడినీళ్ళలో ముంచి గీకి పారేయాల్సిందే. ఏ మందు, ఎవరికి, ఎంత వయసు, అన్నీ అడిగాకే కొత్త కాగితం కత్తిరించేదాన్ని. సీసా బాగా కుదిపి, బల్ల మీద నిలబెట్టి, కంటి ఎత్తున గంటు చూడమనేదాన్ని. తీసుకెళ్ళేవాళ్ళు నాకు ఒకసారి కొలిచి చూపిస్తేగాని కదలనిచ్చేదాన్ని కాదు. గయ్యాళి అన్నారు. అననీ.

ఒకసారి అమ్మ కాలినొప్పితో నా దగ్గరకొచ్చి, మందుల గదిలో బల్ల మీద కూర్చుంది. ఎవరో ఒకావిడ పాత కాగితం ఉన్న సీసా తెచ్చింది. మనవరాలికి దగ్గుమందట. నేను ఆ కాగితం నానబెట్టి గీకేసి, సీసా తుడిచి, మందు పోసి, చంటిపిల్ల మోతాదుకు కొత్తది కత్తిరించి అంటించాను. అమ్మ రెప్ప వెయ్యకుండా చూసింది. ఆవిడ వెళ్ళాక, "ఇంతేనా?" అంది.

"ఇంతేనమ్మా."

అమ్మ తన అరచేతులు చూసుకుంది.

"ఆ కాంపౌండరు పట్టుకోవాల్సింది సీసానే గదే," అంది. "నన్ను కాదుగా."