స్వరూప తెచ్చిన సముద్రపు నీళ్ళు

ఎవరికీ చెప్పని మాట ఒకటి నాతో పాటే ఢిల్లీలోని బేర్ సరాయ్ గదిలోంచి ఇందిరాపురం ఫ్లాటుకి వచ్చేసింది. ఇన్నేళ్ళూ మోస్తూనే ఉన్నాను. మా ఆయనకి కూడా చెప్పలేదు. మీరెవరో నాకు తెలీదు, అందుకే చెప్పగలుగుతున్నాను. అలాగని నాకు కష్టాలేం లేవండీ. వేళకి తింటున్నాను, హాయిగా నిద్రపోతున్నాను. ఆ హాయే ఒక్కోసారి నన్ను ఇబ్బంది పెడుతుంది.

ఢిల్లీలో మెట్రో అప్పుడప్పుడే మొదలైన రోజులు. నేనూ స్వరూపా ఒకే ల్యాబులో పీహెచ్‌డీ, ఒకే గదిలో కాపురం. నాది కాకినాడ, తనది కరీంనగర్. సముద్రం పక్కన పుట్టిన నేను మట్టిలో బాక్టీరియా వెతుక్కుంటుంటే, అప్పటిదాకా సముద్రం మొహం చూడని తను స్పాంజిల మీద పడింది. స్పాంజంటే సముద్రం అడుగున రాళ్ళకి అతుక్కుని బతికే జీవి. దాని ఒంట్లో ఉండే బాక్టీరియాలో కొన్ని, వేరే బాక్టీరియాని చంపే మందు తయారు చేస్తాయి. స్వరూపకి అలాంటిది ఒకటి దొరికింది. రోగాలు తెచ్చే క్రిములున్న ప్లేటులో పెడితే, దాని చుట్టూ గుండ్రంగా ఒక్క క్రిమి మిగిలేది కాదు. ఆ రోజు ల్యాబులో అందరికీ సమోసాలు తినిపించింది.

ఆ బాక్టీరియాకి పెట్టే తిండి సముద్రపు నీళ్ళతోనే కలపాలి. ఢిల్లీలో సముద్రం ఎక్కడిది? రామేశ్వరం వైపు వెళ్ళినప్పుడు స్పాంజిలతో పాటు ఒక క్యాను నీళ్ళు రైల్లో మోసుకొచ్చింది. తీర్థమనుకుని పక్క సీటావిడ దణ్ణం పెట్టిందట.

ఒక మధ్యాహ్నం తను బట్టలు కొనడానికి సరోజినీ నగర్ వెళ్ళింది. ల్యాబులో నా సీసాలకి చోటు చేసుకుంటూ చెయ్యి తగిలించి ఆ క్యాను కింద పడేశాను. మూత సరిగ్గా లేదు. ముప్పాతిక నేలపాలు. నేల తుడిచేసి, క్యానులో కుళాయి నీళ్ళు పోసి, మెస్సులో ఉప్పు అడిగి తెచ్చి కలిపాను. వేలు ముంచి రుచి కూడా చూశాను. కాకినాడదాన్ని, సముద్రం రుచి నాకు తెలీదా అని. ఎంత పొగరో చూడండి.

ఉప్పొక్కటే సముద్రం కాదని నాకు తెలీదా? తెలుసు. తెలిసే చేశాను. త్వరలో తన పని పెద్దల ముందు పెట్టాలి, చెబితే ఏడుస్తుందని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. నిజానికి తిడుతుందని భయం. ఇంకా లోపలికి తవ్వుకుంటే, అందరూ తన పేరే చెబుతుంటే నాకు కాస్త కడుపుమంటగా కూడా ఉండేదేమో. ఏమో ఏంటి, ఉండేది.

నేను కలిపిన నీళ్ళతో బాక్టీరియా పెరిగింది, మందు చెయ్యలేదు. మళ్ళీ మళ్ళీ పెట్టి చూసింది. స్పాంజిని వదిలొచ్చాక ఇవి గుణం పోగొట్టుకోవడం మామూలేనని మా సారు తేల్చేశారు. ఆ సాయంత్రం స్వరూప మంచం మీద కూలబడింది.

"నా చెయ్యే మంచిది గాదేమోనే. నేనేమన్న తప్పు జేసిన్నా? నువ్వు జూస్తనే ఉన్నవ్ గదా."

"నీ తప్పేం లేదే. అలా అవుతుంటాయి," అన్నాను.

అందులో సగం నిజమే. ఆ సగాన్ని పట్టుకునే ఇన్నాళ్ళూ నెట్టుకొచ్చాను. కొత్త నీళ్ళు తెప్పించి చూడమని తర్వాతైనా అనచ్చుగా? నోరు రాలేదు.

తను స్పాంజిలు వదిలేసి నాలాగే మట్టిలోకి వచ్చింది. డాక్టరేటు వచ్చింది. ఇప్పుడు హైదరాబాదులో కాలేజీలో పాఠాలు చెబుతోంది, బాగుంది. ఫోన్లో గంటలు గంటలు నవ్వుకుంటాం. మొన్న మాటల్లో, ఒక స్టూడెంటు స్పాంజి బాక్టీరియా మీద పనిచేస్తానంటే వద్దన్నానని చెప్పింది. సముద్రం వదిలితే అవి మందు చెయ్యవు, నా కళ్ళారా చూశానని ఆ పిల్లకి చెప్పిందట. నేను "అచ్ఛా" అన్నాను. అంతే. అప్పుడు స్వరూపనొక్కదాన్నే ఆపాను, ఇప్పుడు ఆ పిల్లతో కలిపి ఇద్దరిని.

ఈ రాసింది స్వరూపకి పంపుతానా? తెలీదు. క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీరు చెయ్యగలిగేది కాదు. క్యాను పడేసింది నేను, ఉప్పు కలిపింది నేను అని రాసేసరికి మాత్రం గుండె తేలిగ్గా ఉంది. నాకు తగని తేలికే. అయినా వద్దనలేకపోతున్నాను.