ఆరాధనకి ముందు వేసిన గడియ

మూడు గంటలు. ఇన్నేళ్లుగా నేను గుండెల మీద మోస్తున్నది అంతే. "మీ బావ ఎప్పటికి నడుస్తాడు?" అని ఇంకొకరు అడిగితే మీదపడి కరిచేలా ఉన్నాను. మీరు మా ఊరివాళ్లు కారు. అందుకే మీకు చెబుతున్నాను.

మా అక్క భర్త అనకాపల్లి బెల్లం మార్కెట్లో దిమ్మలు మోసే కలాసీ. తాగేవాడు. ఇది జరిగిన ఏడాది మానేశాడు. మా చర్చిలో తాగుడు మానినవాళ్లు అందరిముందూ సాక్ష్యం చెప్పాలి. బావ చేత చెప్పించింది నేనే. సంఘపెద్దని కదా, ఆ గొప్పంతా నాదే అనుకున్నాను.

రెండు నెలలకి ఒక ఆదివారం, ఆరాధనకి ముందు ఇద్దరం చాపలు పరుస్తున్నాం. తొమ్మిదిన్నర అయింది. ఆరోజు వాక్యం చదవాల్సింది బావే. ఒకసారి చదివి చూసుకుంటుంటే మాట ముద్దగా వచ్చింది. మూతి పక్కకి జారింది. కాలు తడబడింది. నాకు ఒళ్లు మండిపోయింది. మళ్లీ తాగాడు, నా పరువు తీశాడు! రెక్క పట్టుకుని వెనక గదిలో పడుకోబెట్టి గడియ వేశాను. అక్క వచ్చి అడిగితే, లోపల పుస్తకాలు సర్దుతున్నాడన్నాను. ఫోను చేస్తే అంబులెన్సు వచ్చే రోజులే. నా జేబులో సెల్‌ఫోను కూడా ఉంది. ఆరాధన అని దాన్ని ఆపేసి పెట్టాను.

ఆరాధన అయ్యాక, పన్నెండున్నరకి గడియ తీశాను. కుడి చెయ్యి, కాలు పడిపోయి ఉన్నాయి.

విశాఖలో డాక్టరు హడావిడిగా అడిగాడు: "ఎప్పుడు మొదలైంది? సరిగ్గా చెప్పండి, దాన్నిబట్టే వైద్యం."

"పన్నెండున్నరకండి. సూత్తుండగానే పడిపోయేడు."

"అయితే టైముకే తెచ్చారు."

తొడ దగ్గర రక్తనాళంలోంచి సన్నటి గొట్టాన్ని మెదడుదాకా పంపి, అక్కడ అడ్డుపడ్డ రక్తపు గడ్డ తీశారు. మూడు నెలల్లో నడవొచ్చన్నాడు డాక్టరు. ఆ అంచనా నా అబద్ధం మీద కట్టింది.

నడవలేదు. మాటా రాలేదు. వెళ్లినప్పుడల్లా ఆ డాక్టరు ఫిల్ములు వెలుతురుకి పట్టి, టైముకే తెచ్చారే, ఎందుకు కోలుకోవట్లేదంటూ తల గోక్కునేవాడు. నేను గోడమీద క్యాలెండరు చూసేవాణ్ణి. చెబితే ఏం పోయేది? పెద్దరికమా? అది ఏం చేసుకున్నాను?

అక్క మాత్రం ఆ మూడు నెలల మాట వదల్లేదు. ఇప్పటికీ పొద్దున్నే బావని గోడకి చేరేసి నిలబెడుతుంది. "నడుత్తాడన్నాడు కదరా డాట్రు. నానే సరిగ్గా సెయ్యట్లేదేమో!" అంటుంది. ఆ మాట వింటే నాకు పిచ్చెక్కుతుంది. "ఇంకేటి సేత్తావక్కా, ఒగ్గెయ్!" అని ఆమె మీదే అరుస్తాను. ఎవరి మీద అరవాలో తెలిసి కూడా.

తాగాడనుకున్నానని పైన రాశాను కదా. అదీ పూర్తి నిజం కాదు. పడుకోబెట్టేటప్పుడు బావ మొహం నా మొహానికి ఆనుకుంది. సారా వాసన లేదు. తలకి రాసుకున్న కొబ్బరినూనె వాసన, అంతే. ఏదో తేడాగా ఉందని తెలిసింది. గేటు దగ్గర జనం వస్తున్నారు. గడియ వేశాను.

అక్కకి ఇంకా చెప్పలేదు. మీకైతే చెప్పేశాను. కాస్త ఊపిరి ఆడుతోంది.