బూడిద అంటిన అతుకులు

మోకాళ్ల నొప్పులతో మగ్గం విప్పేశాక అక్క ఆ మగ్గం గదిని నాకిచ్చింది, అదీ గడువు పెట్టి. ఆడికృత్తిక పండుగకు మురుగన్ కావడి మోసుకుని తిరుత్తణి వచ్చే చుట్టాలంతా మా ఇంట్లోనే దిగుతారు.

"ఆలోపల నీ రైలు తిరగల్ల. లేకుంటే ఆ బల్ల నేనే పీకి పారేస్తా. వాళ్లను యాడ పడుకోబెట్టేది, నీ పట్టాల మీదనా?" అంది.

బల్ల మీద నేను చేసిన జానెడేసి బొమ్మ రైలు ఇంజన్లు రెండు. పట్టాల్లో కరెంటు ఎప్పుడూ ఉంటుంది, దాంతోపాటే ఆజ్ఞలూ వెళతాయి. ఇంజన్ కడుపులోని చిన్న సర్క్యూట్ తన నంబరు పిలిస్తేనే పలుకుతుంది. అలాంటి సర్క్యూట్లు బజారులో దొరుకుతాయని నాకు తెలుసు. కొనను. చేత్తో చీరలు నేసిన ఇంట్లో పుట్టి ఈ మాత్రం చేసుకోలేనా?

కానీ ఇంజన్లు కాస్త కదిలి ఆగిపోయేవి. బల్లను గుద్దితే మళ్లీ కదిలేవి. తప్పు ఆ సర్క్యూట్‌కు నేను రాసిన ప్రోగ్రాంలోనే ఉందనుకుని మూడుసార్లు మొదటినుంచీ రాశాను. తిరువళ్లూరులోని ఆఫీసుకు పోయే లోకల్ రైల్లో కూర్చుని కూడా రాశాను. ఆ రైలు మాత్రం హాయిగా పరుగెత్తుతుంటే నాకు ఒళ్లు మండిపోయేది.

పండుగ నాలుగు రోజులుందనగా అక్క చీపురు పట్టుకుని బల్ల కిందికి దూరింది. పట్టాలకు కరెంటు తెచ్చే తీగలన్నీ అక్కడే ఉంటాయి.

"ఒరేయ్, ఇట్లా రా! ఈ తీగలకు బూడిద పూసినావేందిరా?"

"నేనెందుకు పూస్తాను?"

వేళ్లు చూపించింది. తెల్లగా ఉన్నాయి.

మగ్గం మీద పాత పడుగు కొసలకు కొత్త పోగులు అతికేటప్పుడు వేళ్లు జారకుండా మేం బూడిద అద్దుకుంటాం. ఆ డబ్బా ఇంకా కిటికీలోనే ఉంది. చిన్నప్పటి నుంచీ చేసిన పని. రెండు తీగలు మెలిపెట్టాలనేసరికి నా చెయ్యి నన్నడక్కుండానే అందులోకి పోయింది. బూడిద అంటిన తీగకు టంకం సరిగ్గా పట్టదు, అతుకు వదులై కరెంటు తెగుతూ ఉంటుంది. నెలంతా ప్రోగ్రాంను తిట్టుకున్నందుకు సిగ్గేసింది.

"అయ్యో మురుగా! చెయ్యి ఇంకా మగ్గం కాడే ఉందిరా నీకు," అని అక్క పడీపడీ నవ్వింది.

అతుకులన్నీ కోసేశాను. తీగలు గీకి, తుడిచి, మళ్లీ మెలిపెట్టి టంకం వేశాను. అక్క బూడిద డబ్బాను ఒళ్లో పెట్టుకుని మూడు రోజులూ నాకు కాపలా కూర్చుంది.

నాలుగోనాడు పొద్దున మొదటి ఇంజన్‌ను పిలిచాను. ఆగకుండా బల్లంతా తిరిగొచ్చింది. రెండోది దాని నంబరు పిలిచేదాకా కదల్లేదు. నాకు ఏడుపొచ్చింది.

సాయంత్రానికి చుట్టాలు దిగారు. గదిలో బల్ల కిందే చాపలు పరుస్తూ అక్క ఒక్కొక్కరికీ చెప్పింది.

"తలకాయ పైకెత్తొద్దు. మావాడు అతికిన అతుకులుండాయి."