తాళం గుర్తు చూసే పిన్ని

మా పిన్నికి నోరెక్కువ, భయం ఇంకా ఎక్కువ. ఆన్‌లైన్ ఫారాలు నింపే చిన్న కొట్టు ఆమెది. పదేళ్లుగా అందరికీ ఒకటే మాట చెబుతుంది: "పైన తాళం గుర్తు ఉందో లేదో చూసి చావండి." అది లేని వెబ్‌సైటులో తన పేరు కూడా టైపు చేయదు. అందుకే చుట్టుపక్కల ముసలివాళ్లంతా కాగితాల సంచీ ఆమె చేతిలో పెట్టి నిశ్చింతగా కూర్చుంటారు.

ఆమె పని తీరు వేరు. తెర మీద ఒక సగం వెబ్‌సైటు, ఇంకో సగం స్కాన్ చేసిన కాగితం. చూసి టైపు చేయడానికి సుఖం. కాకపోతే ఆ సగంలో పైనుండే వెబ్‌సైటు చిరునామా పూర్తిగా పట్టదు. తాళం గుర్తు, మొదటి ముక్క మాత్రం కనబడతాయి. ఇన్నేళ్లూ పక్కనే కూర్చుని నేనూ పట్టించుకోలేదు. నా బుద్ధి గడ్డి తింది.

పింఛను వివరాలు సరిచూసుకోవడానికి ఆ రోజే గడువు. ముందు రోజు కంప్యూటర్ బాగుచేయిస్తే దాచుకున్న చిరునామాలన్నీ పోయాయి. పిన్ని నెట్‌లో వెతికి, మొదట వచ్చినదాన్ని నొక్కింది. తాళం ఉంది. పింఛను ఆఫీసు పేరూ ఉంది. మధ్యాహ్నానికల్లా పదకొండు మందివి నింపేసింది. మా అమ్మదీ అందులోనే.

అమ్మ ఫోను నా దగ్గరుంది. కొట్లో ఉండగానే మోగితే స్పీకరులో పెట్టాను.

"పింఛను ఆఫీసు నుంచమ్మా. ఇప్పుడు మీకు మెసేజీలో వచ్చిన నంబరు చెప్పండి," అన్నాడొకడు. అమ్మ పుట్టిన తేదీ, బ్యాంకు ఖాతా నంబరు గడగడా చదివాడు. నేను నోరు తెరిచేలోగా పిన్ని ఫోను లాక్కుని కట్ చేసింది.

"వాడికెలా తెలుసే అవన్నీ?"

"పొద్దున నువ్వేగా టైపు చేశావు."

మౌస్ తీసుకుని ఆ సగాన్ని తెర నిండా సాగదీశాను. చిరునామా మొత్తం బయటపడింది. ముందు పింఛను ఆఫీసు పేరు. చివర, అసలు సొంతదారు పేరుండే చోట, ఎన్నడూ వినని పేరేదో ఉంది.

"తాళం ఉందిగా," అంది పిన్ని.

"మనం పంపేది దారిలో ఇంకెవరూ చూడకుండా కాపాడుతుంది పిన్నీ, అంతే. అటు చివరున్నది దొంగైతే వాడికే భద్రంగా చేరుస్తుంది."

రిజిస్టరు తెరిచి మొదటి పేరు మీద వేలు పెట్టింది. వాచీలు బాగుచేసే తాతది. ఎండ తగ్గాక వెళ్దామని ఆయన ఇంకా బయట బెంచీ మీదే ఉన్నాడు. ఫోను స్పీకరులో పెట్టి, కళ్లజోడు సర్దుకుంటూ నెమ్మదిగా చదువుతున్నాడు.

"నాలుగు... సున్నా... రెండు... ఉండు బాబూ, తొందరపెట్టకు."

పిన్ని కుర్చీ తోసుకుని పరుగెత్తింది. ఆమె గడప దాటేసరికి ఆయన ఫోను జేబులో పెట్టుకుంటున్నాడు.

"నువ్వు నింపిన ఫారం గురించేనమ్మా," అన్నాడు. "నీ పేరు చెప్పుకుని, అన్నీ జాగ్రత్తగా చెప్పేశాను."